కుడికి జరిగిన గొంతు

నా తమ్ముడి చెవి గురించి నేను చెప్పే మాటల్లో సగం అబద్ధాలని మా వీధి మొత్తం ఒప్పుకుంటుంది. ఏ సగమో మాత్రం ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. వెనక సందులో ఎవరింట్లోనో గోడ గడియారం నత్తినత్తిగా కొట్టుకుంటోందని వాడు అన్నం తింటూ చెప్పిన మాట నిజం. ఆ ఇంటాయన వచ్చి వాడికి దణ్ణం పెట్టి వెళ్లాడన్నది అబద్ధం. గోడకి చెవి ఆనించి, చీమల బారులో ఏడో చీమ కుంటుతోందని చెప్పాడన్నది పూర్తిగా నా కల్పన. కాని ముప్ఫై ఏళ్లపాటు మా ఇంట్లో పొయ్యి ఆ చెవి మీదే వెలిగింది. ఆ చెవీ, దాని వెనకే మనిషీ పోయిన వానాకాలం ఒకటుంది. దాన్లో కల్పన లేదు. ఉంటే నాకే బాగుండేది.

మాది స్పీకర్లు బాగుచేసే కొట్టు. వీధివైపు గది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. చిరిగిన కోన్, అంటే స్పీకర్‌లో అదిరి పలికే గరాటు, ఊడదీసి, పాత జిగురు గీకి, అయస్కాంతం సందులో దుమ్ము తుడిచే మొరటు పని నాది. రాగితీగతో కొత్త కాయిల్ చుట్టి, వెంట్రుకంత సందులో ఎటూ తగలకుండా దాన్ని నిలబెట్టే పని తమ్ముడిది. జిగురు ఆరాక రెండు బొటనవేళ్లతో కోన్‌ని లోపలికి నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, "గీరుతోంది" అన్నాడంటే మళ్లీ మొదటికి రావలసిందే. మా దగ్గర మీటర్లు లేకపోలేదు, వాటికి బూజు పట్టింది. నేను పెళ్లి చేసుకోలేదు. రోజంతా స్పీకర్ల మధ్య గడిపేవాడికి ఇంట్లో ఇంకో గొంతెందుకని ఊరుకున్నాను. వంటా, ఇల్లూ, మా ఇద్దరికీ చివాట్లూ అన్నీ మరదలే చూసుకునేది.

ఆదివారం కొట్టుకి సెలవు. తలుపులు మాత్రం తెరిచే ఉండేవి. పొద్దున్నే ఇద్దరు వచ్చేవారు. ఒకాయన లెక్కల మేష్టారుగా చేసి రిటైరయ్యాడు. కోన్ అంటే అల్యూమినియం రేకుదే అనే మనిషి కనక రేకు మేష్టారయ్యాడు. రెండో ఆయన దర్జీ. సన్నటి చప్పుళ్లు పలికే ట్వీటర్‌కి పట్టుగుడ్డ కాక ఇంకోటి పెట్టినవాణ్ణి మనిషి కింద జమకట్టేవాడు కాదు. తమ్ముడిది కాగితం పార్టీ. నేను ఎప్పుడూ ఓడిపోతున్నవాళ్ల పక్షం. లేకపోతే వాదన పది గంటలకే ఆగిపోతుంది, టీ రాదు.

"రేకు వంగదయ్యా. వంగనిదే నిజం చెప్తుంది," అనేవాడు మేష్టారు.

"వంగదు, మోగుతుంది. వంటింట్లో పళ్లెం కింద పడ్డట్టు," అనేవాడు తమ్ముడు. "పాట ఆగిన క్షణం కోన్ కూడా నోరు మూసుకోవాలి మేష్టారూ. కాగితానికి ఆ బుద్ధి పుట్టుకతోనే ఉంది."

"ఆ కాగితమేదో మా ఇంటికో నాలుగు బారలు పంపించు," అనేవాడు దర్జీ.

"బరువు మాటేమిటి? కాగితం తేలిక కనక అందరికంటే ముందు కదులుతుంది," అని నేను ఎగదోసేవాణ్ణి. "వెనకటికి మేం చేసిన కాగితపు కోన్ ఒకటి పాటకంటే ముందే పాడేసింది. పాడే ఆవిడ వచ్చి పోట్లాడింది."

ఆ ఏడు ఈ వాదనకి తీర్పు చెప్పిద్దామనుకున్నాం. మేష్టారు రేకు కోన్లతో ఒక జత పెట్టెలు కట్టించుకున్నాడు. తమ్ముడు కాగితపు గుజ్జు తనే నానబెట్టి, మెత్తగా నూరి, అచ్చులో ఒత్తి, నీడలో ఆరబెట్టి రెండు కోన్లు తీశాడు. పసిపిల్లల చెవి తమ్మెల్లా ఉన్నాయవి. పెట్టెలు నేను కట్టాను. వానలు వెలిశాక ఒక ఆదివారం రెండు జతలూ పక్కపక్కన పెట్టి వినాలి, ఓడినవాడు మళ్లీ ఆ మాట ఎత్తకూడదు. అదీ ఒప్పందం.

తొలి వాన పడిన ఆదివారం మా జత మొదటిసారి పాడింది. తమ్ముడు అలవాటు ప్రకారం రెండు పెట్టెలకీ సమదూరంలో కుర్చీ వేసుకుని, ముఖం మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. కళ్లు పనిచేస్తుంటే చెవులు బద్ధకిస్తాయని వాడి సిద్ధాంతం. ఎవరో ఒకావిడ పాడుతోంది. జత బాగా కుదిరితే గొంతు ఏ పెట్టెలోంచీ వస్తున్నట్టుండదు. రెండిటికీ నడుమ ఖాళీలో, మనిషే వచ్చి నిలబడ్డట్టుంటుంది. మాకు నిలబడింది. మేష్టారు ఆ ఖాళీకేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

తువ్వాలు కిందనుంచి తమ్ముడన్నాడు: "ఆవిడ కుడికి జరిగింది."

"ఎంత?"

"జానెడు."

మా తెలివి ఇక్కడ చూడాలి. వాడా మాట అన్న మరుక్షణం నాకూ ఆవిడ కుడికి జరిగినట్టే వినిపించింది. ముఖస్తుతి కాదు, నిజంగానే. "ఔను సుమా," అన్నాడు మేష్టారు, "జానెడు కాదుగాని బెత్తెడు." దర్జీకి కొలతలు వృత్తి కనక ఒక కన్ను మూసి, "మూడున్నర అంగుళాలు," అన్నాడు. గుడ్డని గజంబద్దతో కొలుస్తారు. గజంబద్దని ఎవరు కొలుస్తారు?

తప్పు ఎడమ పెట్టెదని ఏకగ్రీవంగా తేల్చాం. అది కిటికీ పక్కన ఉంది, కాగితం చెమ్మ పీల్చింది, గొంతు పడిపోయింది.

"చెప్పానా లేదా?" అన్నాడు మేష్టారు వెలిగిపోతూ. "రేకుకి జలుబు చేస్తుందా?"

మొదటి వారం కోన్‌ని దీపం వేడికి ఆరబెట్టాం. రెండో వారం పల్చగా లక్క పూశాం. మూడో వారం కాయిల్ విప్పి మళ్లీ చుట్టాడు వాడు. నాలుగో వారం అయస్కాంతమే మార్చాం. ఆవిడ మాత్రం ఆదివారానికి కొంత చొప్పున కుడికి పోతూనే ఉంది. "ఇదే నడకయితే నెలాఖరుకి గోడ దాటి పక్కింట్లో పాడుతుంది, వాళ్లు అద్దె అడుగుతారు," అన్నాను.

ఆ నాలుగో ఆదివారం వాదన ముదిరింది. రేకా కాగితమా అన్నది పోయి, నీకు వినడం వచ్చా రాదా అన్నదాకా వెళ్లింది. దర్జీ విసుగొచ్చి, "మేష్టారూ, మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే," అన్నాడు. మేం పగలబడి నవ్వాం. తమ్ముడు నవ్వలేదు. దర్జీ కూర్చున్నది వాడికి ఎడమపక్కనే. "ఏమన్నాడు?" అని నన్నడిగాడు.

"వినబడలేదా?" అన్నాను. "ఒరేయ్, వెనకటికొకత్తి ఆడలేక మద్దెల ఓడందట. నువ్వు వినలేక పెట్టె ఓడంటున్నావేమో చూసుకో."

ఈసారి అందరికంటే ఎక్కువ వాడే నవ్వాడు. నవ్వుతూ లేవబోయి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నవ్వుకి తూలాడనుకున్నాను.

మర్నాడో ఆ మర్నాడో మరదలు నాకు టీ ఇస్తూ, "బావగారూ, ఈయన ఫోను కుడిచెవికి మార్చారు, చూశారా?" అంది.

"ఎడమది పాటకి దాచుకుంటున్నాడమ్మా. కుడిది నీకు."

"నాకిచ్చిందైనా పనిచేస్తోందా? రెండోసారి పిలిస్తేగాని పలకరు."

"పెళ్లయి పాతికేళ్లు. ఇన్నాళ్లకి నేర్చుకున్నాడు."

ఆవిడ నవ్వలేదు. వెళ్లనూలేదు.

"మీ కొట్టుకెవరైనా వచ్చి, ఒక పెట్టె సరిగ్గా పలకడం లేదంటే మొదట మీరేం చేస్తారు?"

"అటుది ఇటూ, ఇటుది అటూ పెడతాం. తప్పు పెట్టెతోపాటు జరిగితే అది పెట్టెది."

"జరక్కపోతే?"

"జరక్కపోతే పెట్టెది కాదు."

"మరి మీవెందుకు అలా పెట్టి చూడలేదు?"

టీ చల్లారింది. ముక్కూమొహం తెలియని గిరాకీకి తొలి నిమిషంలో చేసే పని, నెల గడిచినా మాకు తట్టలేదు. తట్టలేదనడం కూడా సరికాదు. వాడి చెవిది తప్పన్న ఊహ పుట్టడానికి మా కొట్టులో జాగా లేదు.

ఆ మధ్యాహ్నమే చేశాం. వాన పడుతోంది, గిరాకీ లేదు. మరదలు వెనక గదిలో ఉంది. తమ్ముడు తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. పాట పెట్టాను. "కుడికి," అన్నాడు. ఆపాను. రెండు పెట్టెలనీ వాటి వైర్లతో సహా ఎత్తి, ఎడమది కుడికీ కుడిది ఎడమకీ చేర్చాను. మళ్లీ అదే పాట పెట్టాను.

"కుడికి," అన్నాడు.

పాట సాగుతోంది.

"మార్చావా?" అన్నాడు కొంతసేపటికి.

వాడి చేతులు చూశాను. కుర్చీ చేతుల మీద వేళ్లు బిగుసుకుని తెల్లబడ్డాయి. చిన్నప్పుడు బడిలో పలక పంతులికిచ్చి నిలబడినప్పుడు అలాగే ఉండేవి.

"మార్చలేదురా," అన్నాను. "ఉత్తినే చప్పుడు చేశాను. నిన్ను పట్టుకుందామని."

"నీ వేషాలు తగలెయ్య," అన్నాడు తువ్వాలు కింద. గొంతులోకి ప్రాణం వచ్చింది. "ఇప్పుడు మార్చు."

పెట్టెలు మోస్తున్నట్టు రొప్పుతూ బల్లని కాస్త జరిపాను. నా భుజం మీది తువ్వాలు మడతపెట్టి కుడి పెట్టె ముందు వేలాడదీశాను. పాట పెట్టాను.

వాడు చాలాసేపు విన్నాడు.

"ఎడమకొచ్చింది," అన్నాడు. "అంటే పెట్టెదే తప్పు."

"పెట్టెదే," అన్నాను.

నా తువ్వాలు నా భుజం మీదకి చేరేదాకా వాణ్ణి కళ్లు తెరవనివ్వలేదు.

ఒక అబద్ధం నిలబడాలంటే దాని పక్కన ఇంకోటి నిలబెట్టాలి. ఈ విద్య నాకొకరు నేర్పక్కర్లేదు. పెట్టె సంగతి నాకొదిలేయమని చెప్పి, వాడు భోంచేసి నడుం వాల్చినప్పుడు కుడివైపు పెట్టె వెనక మూత విప్పాను. దాని గొంతు కాస్త నొక్కేలా వైరులో చిన్న రెసిస్టర్ అతికాను. మా ఆంప్లిఫయర్‌కి ఎడమాకుడీ సర్దే మీట లేదు; అది దొంగ తక్కెడని వాడే ఏనాడో పీకేశాడు. ఆ దొంగ తక్కెడ నేను పెట్టెలో దాచాను.

ఆదివారం వాడు తువ్వాలు కింద నవ్వాడు. "నిలబడింది. సరిగ్గా నడుమ."

"నడుమే," అన్నాడు మేష్టారు. "నలుసంత తేడా లేదు."

"దారం పట్టి కొలిచినట్టుంది," అన్నాడు దర్జీ.

నాకు మాత్రం ఆవిడ ఎడమ పెట్టె వైపు నక్కి పాడుతున్నట్టు వినిపిస్తోంది. మొట్టమొదటిసారి ఆ గదిలో వాడి చెవితో కాక నా చెవితో విన్నాను. ఏమీ బాగాలేదు.

"మార్చి చూశారా?" అని మరదలు అడిగింది.

"చూశామమ్మా. పెట్టెదే."

"హమ్మయ్య," అంది. నేను ఇంట్లో అబద్ధాలాడేది నవ్వించడానికేనని ఆవిడ నమ్మకం. ఆ రోజు నేను నవ్వించలేదు కనక నిజమనుకుంది.

రెండు వారాలకి పాట మళ్లీ కుడికి జరిగింది. ఇంకో రెసిస్టర్ అతికాను. ఆపైన మూడోది. ప్రతి ఆదివారం వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లాలనుకున్నాను. ప్రతి సోమవారం కొట్టు తెరిచాను. చెవి పోయిందని తెలిస్తే వాడు మిగలడని భయం. అలా అని నాకు నేను చెప్పుకున్నాను. వాడి చెవి లేని కొట్టులో నేను జిగురు గీకే ముసలాణ్ణి తప్ప మరేమీ కానన్నది అసలు భయం. అది ఎవరికీ చెప్పుకోలేదు.

పెట్టెలు మార్చి చూసిన ఐదో వారం, పట్టపగలు, కొట్టు ముందు మూడు మెట్లు దిగుతూ తమ్ముడు ఎడమవైపుకి ఒరిగిపోయాడు. జారలేదు. ఎవరో పక్కనుంచి తోసినట్టు ఒరిగాడు. లేపి కూర్చోబెట్టి, "ఏరా, మెట్లు కూడా కుడికి జరిగాయా?" అన్నాను. నవ్వాడు. సగం మొహమే నవ్వింది.

ఆస్పత్రిలో డాక్టరు ఫిల్ముని వెలుగుకి పెట్టి చూపించాడు. చెవి వెనక నరం మీద గడ్డ. నిమ్మకాయంత. మెదడుని నొక్కుతోందన్నాడు.

"ఎడమచెవి ఎప్పట్నుంచి తగ్గింది?"

మరదలు నాకేసి చూసింది. నేను నోరు తెరిచేలోగా తమ్ముడు, "పది రోజులు," అన్నాడు.

"ముందే వచ్చుంటే బాగుండేదా?" అంది మరదలు.

"ఇది ఏళ్ల తరబడి పెరిగిందమ్మా. రెండు మూడు నెలల్లో పెద్ద తేడా ఏముంటుంది?" అన్నాడు డాక్టరు, పెన్నుకి మూత పెడుతూ. అబద్ధమాడేవాడు ఆ క్షణంలో చేతికేదో పని చెప్తాడు. నా చెయ్యి అలాంటప్పుడు బల్ల జరుపుతుంది. ఆయన పని అయిపోయి మూత పెట్టాడో, మామీద జాలిపడి పెట్టాడో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను.

ఆపరేషన్‌కి ముందు రోజు మరదలు మందుల కోసం కిందకి వెళ్లింది. "అన్నయ్యా, ఇటు పక్కకి రా," అన్నాడు. మంచం చుట్టూ తిరిగి కుడివైపు కూర్చున్నాను.

"ఆ రోజు తువ్వాలు కప్పావు కదూ?"

మంచం పక్కనున్న బల్లని కాస్త జరిపాను.

"పెట్టె మీద గుడ్డ వేస్తే నాకు తెలీదూ? పోయింది ఎడమది. కుడిది ఇంకా బతికే ఉందిగా. ఎన్ని మడతలేశావో కూడా చెప్తా."

"ఎన్ని?"

"నాలుగు."

నాలుగే. ఈ మాట వీధిలో ఎవరికి చెప్పినా నా కల్పనల్లో కలిపేస్తారు.

"మరి అప్పుడే అనలేదేం?" అన్నాను.

"ఆ వయసులో నువ్వలా రొప్పుతూ అబద్ధమాడుతుంటే ఏమనను?" అన్నాడు. పైకప్పుకేసి తిరిగి, "నాకూ అదే కావాలనిపించింది," అన్నాడు. బొటనవేళ్లు రెండూ దుప్పటిని నొక్కుతున్నాయి, కోన్‌ని నొక్కినట్టు. "నీ మరదలికి మాత్రం చెప్పకు. నాకు తెలిసీ ఊరుకున్నానంటే తట్టుకోలేదు. ఒట్టు వెయ్యి."

వేశాను.

ఆపరేషన్ తరవాత వాడు కళ్లు తెరవలేదు. నాలుగో రోజు పోయాడు.

వానలు వెలిశాక ఒక ఆదివారం మేష్టారూ దర్జీ వచ్చారు. మేష్టారు తన రేకు పెట్టెలు తేలేదు. "మీ జత ఒక్కసారి వినిపించు," అన్నాడు. "వాడి చేతి కోన్లు కదా." కాదనలేకపోయాను. ముగ్గురం గోడవార నిలబడ్డాం. కుర్చీ ఖాళీగా వదిలేశాం. పాట సగమయ్యేసరికి దర్జీ ముక్కు చీదుకుంటున్నాడు. మేష్టారు ఖాళీ కుర్చీతో, "ఒప్పుకుంటున్నానయ్యా, కాగితమే," అన్నాడు. "చూడు, నడుమ ఎలా నిలబడిందో."

మరదలు లోపలి గుమ్మంలోకి వచ్చింది. ఇన్నేళ్లలో ఆవిడ మా ఆదివారాల్లో ఒక్క పాటా నిలబడి వినలేదు. ఆ రోజు వింది.

"అదేమిటి, ఆవిడ ఎడమ పెట్టెలో పాడుతోంది?" అంది.

"నడుమేనమ్మా," అన్నాడు మేష్టారు, దుఃఖంలో ఉన్నవాళ్లతో మాట్లాడేంత మెల్లగా.

"కాదు. ఎడమ పెట్టెలోంచే." నాకేసి తిరిగింది. "కుడిదాన్ని ఎవరు తగ్గించారు బావగారూ?"

వాళ్లిద్దర్నీ పంపించేసి, తలుపు దగ్గరికి వేసి, చెప్పాను. పెట్టెలు మార్చడం, తువ్వాలు, మూడు రెసిస్టర్లు, ఐదు వారాలు. ఒక్కటీ పెంచలేదు, ఒక్కటీ తగ్గించలేదు. ఆవిడ నేలచూపులు చూస్తూ మొత్తం వింది. తిడుతుందని కాచుకుని కూర్చున్నాను. తిట్టలేదు.

"ఆయనకి తెలుసా?" అంది చివరికి.

తెలీదమ్మా, చివరిదాకా వాడు పెట్టెదే తప్పనుకున్నాడు. ఆ వాక్యం నా నాలుక చివర సిద్ధంగా ఉంది. జీవితంలో నేనాడిన వాటన్నిటికంటే చిన్న అబద్ధం. దానికి ఒట్టు కూడా అడ్డం లేదు, ఒట్టు వేసిందే దానికోసం.

"తెలుసు," అన్నాను.

ఆవిడ తలెత్తింది. "మీరు చెప్పలేదంటే సరే, ఆయన కూడా..." అని ఏదో మొదలుపెట్టి, వదిలేసి, లేచి లోపలికి వెళ్లిపోయింది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఆవిడ ముందు తింటుంది, నేను తరవాత తింటాను. నేను వెళ్లేసరికి నా కంచం మీద మూత పెట్టి ఉంటుంది, పక్కన మంచినీళ్లు. అన్నం ఎప్పుడూ వేడిగానే ఉంటుంది.